బిందె ఎటు పోతే మీరూ అటే పోండి: ఫ్లోరిన్ ఊళ్ళలో సర్వే గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.ఏ. రెండో సంవత్సరం, నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు మూడు ఊళ్ళు (భూమిలోని నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే ఊళ్ళు), ‘ఆవాసాలు, ప్రజల ఆరోగ్యం, పర్యావరణం’ అని టాపిక్, మూడొందల ఇళ్ళు, నూట ఇరవై ప్రశ్నలు, చేతిలో ఐదు నెలలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. ఆ లెక్క చూస్తే నాకే టెన్షన్ వచ్చింది. మూడొందలని నూట ఇరవైతో గుణిస్తే 36,000 జవాబులు. ఒక్కో ఇంటికి గంటన్నర పడుతుంది, అదీ వాళ్ళు మధ్యలో లేచి బర్రెకి గడ్డి వేయడానికి పోకపోతే. రోజుకి నాలుగిళ్ళు దాటవు. ఎనభయ్యో ప్రశ్నకి వచ్చేసరికి అవతలి మనిషి మీ మొహం చూసి, మీకు ఏ జవాబు కావాలో అదే చెప్పేస్తారు. ఇంకోసారి రాకుండా ఉంటారని.

నేను పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మొదట సర్వేలకి కూలీగా, తర్వాత నీళ్ళ శాంపిళ్ళు మోసే పని, ఇప్పుడు మీలాంటి పిల్లలకి ఫీల్డ్‌లో దారి చూపించడం. పెద్ద డిగ్రీలేమీ లేవు, కాబట్టి మీ గైడ్ చెప్పేదానికీ నేను చెప్పేదానికీ తేడా వస్తే సంతకం పెట్టేది ఆయనే అని గుర్తుపెట్టుకుని చదవండి.

నా సలహా ఒక్క ముక్కలో చెప్తాను. మూడు ఊళ్ళు వదిలేసి ఒకే ఊరు తీసుకోండి, కానీ దాని వాడలు, మదిరలు (శివారు పల్లెలు), తండాలు అన్నీ తీసుకోండి. అరవై ఇళ్ళు చాలు. ప్రశ్నలు ముప్పై. మిగిలిన టైం అంతా నీళ్ళ వెంట తిరగండి.

ఎందుకో చెప్పేముందు ‘ఊరు’ అనే మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే సగం థీసిస్‌లు ఇక్కడే బోర్లా పడతాయి. రెవెన్యూ గ్రామం వేరు, గ్రామ పంచాయతీ వేరు, ఆవాసం వేరు. పహాణీలో, అంటే పొలాల రికార్డులో ఉండేది రెవెన్యూ గ్రామం. జనాభా లెక్కలు కూడా ఆ పేరు మీదే వస్తాయి. నీళ్ళ శాఖ వాళ్ళు లెక్కపెట్టేది ఆవాసాలు. సర్పంచ్ ఉండేది పంచాయతీకి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో ఐదొందల జనాభా దాటిన తండాలు, గూడేలు వేరే పంచాయతీలు అయ్యాయి, రాష్ట్రం మొత్తం మీద పంచాయతీల సంఖ్య 12,751కి వెళ్ళింది. అంటే మీరు 2011 జనాభా లెక్కల్లో చూసే ఊరు ఇప్పుడు రెండు మూడు పంచాయతీలుగా ఉండొచ్చు. దానికి తోడు 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టారు. పాత నల్గొండ మూడయింది. పాత మహబూబ్‌నగర్ మొదట నాలుగయింది, 2019లో నారాయణపేట కూడా వేరుపడి ఐదయింది. మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. 2021లో రావాల్సిన జనాభా లెక్కలు రాలేదు, కొత్త లెక్కకి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. కాబట్టి మీ చేతిలో ఉన్న అధికారిక లెక్క పద్నాలుగు పదిహేనేళ్ళ పాతది, పాత హద్దులది. పంచాయతీ ఆఫీసులో కారోబార్ (గుమస్తా) దగ్గర ఇంటి పన్ను రిజిస్టర్ ఉంటుంది, అంగన్‌వాడీ టీచర్ దగ్గర వాళ్ళ పరిధిలోని ఇళ్ళ జాబితా ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మీ జాబితా మీరే తయారు చేసుకోండి. టీచరమ్మ జాబితాయే ఎక్కువసార్లు సరిగ్గా ఉంటుంది, ఆమె ఆ ఇళ్ళకి నడిచి వెళ్తుంది కనుక.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను, పేర్లు లేకుండా. మొదట్లో, 2000 ఆ చుట్టుపక్కల, ఒక సంస్థ తరఫున ఊరికొక నీళ్ళ శాంపిల్ తెచ్చే పని నాది. ఊరికొకటి అంటే ఊరికొకటే. బస్సు దిగగానే పంచాయతీ ఆఫీసు పక్కన బోరింగు కనిపించింది, డబ్బా నింపుకున్నాను, అదే బస్సు తిరుగు ట్రిప్పులో ఎక్కేశాను. ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపే వచ్చింది. రిపోర్టులో ఆ ఊరు ‘సురక్షితం’ గడిలోకి వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత వేరే పని మీద అదే ఊరికి వెళ్తే, రోడ్డుకి అవతల ఎస్సీ వాడలో బడి వదిలిన పిల్లలు ఎదురొచ్చారు. నవ్వారు. ఆ పళ్ళు చూశాక నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గోధుమరంగు గార, కొందరికి అంచులు పెచ్చులూడి. వాళ్ళు తాగే బోరింగు నేను నింపుకున్న దానికి నాలుగొందల గజాలు కూడా లేదు. దాని నీళ్ళు తీసుకెళ్ళి చూపిస్తే మొదటిదానికి మూడింతలు ఫ్లోరైడ్. నా ఒక్క డబ్బా వల్ల ఆ వాడ రెండేళ్ళు ఏ జాబితాలోనూ లేకుండా పోయింది. అప్పట్నుంచి ‘ఊరి సగటు’ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంత తేడా ఎలా వస్తుందంటే, మన కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. అందులో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో ఎంతకాలం నిలవ ఉంటే అంత కరిగించుకుంటాయి. సున్నం అంటే కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్ళయితే ఇంకా ఎక్కువ కరుగుతుంది, ఎందుకంటే దాన్ని పట్టి కిందికి దించాల్సిన కాల్షియమే అక్కడ లేదు. పగులు ఎక్కడుందో, ఎంత లోతుందో బోరు బోరుకీ మారుతుంది. అందుకే పక్కపక్క బోర్లకి కూడా పోలిక ఉండదు. పాతకాలం చేదబాయి నీళ్ళు వానకి నిండేవి, లోతు తక్కువ. బాయిలు ఎండి బోర్లు లోతుకి పోయేకొద్దీ మనం తాగింది రాతిలో ఏళ్ళ తరబడి నానిన నీళ్ళు. ఇది నల్గొండ వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు, ముసలివాళ్ళని అడిగితే ‘బాయి నీళ్ళు తాగినన్నాళ్ళు ఈ రోగం ఇంత లేదు’ అంటారు. ఆ మాటని సాక్ష్యంగా తీసుకోకండి గానీ, ఏ బాయి, ఏ ఏడు ఎండింది అని అడిగి రాసుకోండి.

శాంపిల్ తీసేటప్పుడు గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ప్లాస్టిక్ డబ్బా వాడండి, అదే నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి నింపండి. బోరింగు ఐదు నిమిషాలు కొట్టాకే పట్టండి, లేకపోతే పైపులో నిలిచిన నీళ్ళే వస్తాయి. డబ్బా మీద తేదీ, ఏ వాడ, ఎవరింటి ముందు, లోతెంత అన్నీ రాయండి. లోతు బోరు వేయించిన మనిషికి గుర్తుంటుంది, ఎన్ని పైపులు దిగాయో వేళ్ళ మీద చెప్తాడు. వీలైతే వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి తీయండి. ఊళ్ళో వాడే కిట్‌తో రంగు చూసి అంకె రాసేసుకోకండి. అది ఏ బోరు అనుమానమో తేల్చుకోవడానికి పనికొస్తుంది, థీసిస్‌లో వేయడానికి ల్యాబ్ అంకె కావాలి.

ఇక అసలు సంగతి. ‘మీరు తాగే నీరు ఏది?’ అని మీ ప్రశ్నావళిలో పదిహేడో ప్రశ్న, కింద నాలుగు గడులు: నల్లా, బోరింగు, ఫిల్టర్, ఇతరం. ఈ ప్రశ్న తీసేయండి. దేవరకొండ వైపు ఒక తండాలో నేను పొద్దున ఐదున్నర నుంచి ఒక ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాను, ఊరికే, పెన్ను కూడా తీయకుండా. నల్లా ఆరింటికి వచ్చింది. కోడలు రెండు ప్లాస్టిక్ బిందెలు నింపి ఒకటి వంటింట్లో, ఒకటి బట్టలు ఉతికే రాయి దగ్గర పెట్టింది. ఏడింటికి ఆటోలో నీలం మూత క్యాన్ దిగింది, ఫిల్టర్ నీళ్ళు. అందులోంచి ముందు బడికి పోయే ఇద్దరు పిల్లల సీసాలు నిండాయి, తర్వాత కొడుకు బండికి తగిలించుకునే సీసా. క్యాన్ మీద గిన్నె బోర్లించి పక్కన పెట్టారు, చుట్టాలొస్తే ఇవ్వడానికి. అత్త మాత్రం చిన్న ఇత్తడి బిందె చంకన పెట్టుకుని బోరింగు దగ్గరికి నడిచింది. ఎందుకమ్మా, ఇంట్లో అన్ని నీళ్ళుండగా అంటే, ‘ఆ ఫిల్టర్ నీళ్ళు తాగితే దూప తీరది బిడ్డా, సప్పగుంటయి’ అంది. ఆ తర్వాత కోడలు పత్తి ఏరడానికి పోయింది. చేను దగ్గర క్యాన్ ఉండదు, పక్క పొలం మోటారు పోస్తుంటే పైపుకి దోసిలి పట్టి తాగుతారు, పొద్దుగూకేదాకా అదే. తెల్లారి ఫారం పట్టుకుని పదిహేడో ప్రశ్న అడిగాను. కొడుకు జవాబు చెప్పాడు: ‘ఫిల్టర్ సార్’. ఒకే ఇంట్లో నాలుగు రకాల నీళ్ళు, ఐదుగురు మనుషులు, కాగితం మీద ఒక్క టిక్కు.

అందుకే బిందె వెంట నడవమంటున్నాను. ఇంటికి ఒక్క జవాబు కాదు, మనిషికి ఒక జవాబు రాయాలి. పొద్దున్నించి రాత్రి దాకా ఈ మనిషి ఎక్కడ, దేంట్లోంచి, ఎన్ని గ్లాసులు. వంటకి ఏ నీళ్ళు కూడా అడగాలి. అన్నం, పప్పు ఉడికినప్పుడు ఆ నీళ్ళన్నీ లోపలికే కదా. చాయ్ ఎన్నిసార్లు అనేది మర్చిపోవద్దు, చాయ్ పత్తిలోనే ఫ్లోరైడ్ బాగా ఉంటుంది.

ఎన్ని గ్లాసులు అనేది ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూపిస్తాను. మన దేశం ప్రమాణం ప్రకారం తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకె కూడా 1.5. కానీ శరీరంలోకి అన్ని దారుల్లో కలిపి రోజుకి 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకి ముప్పు పెరుగుతుందని అదే సంస్థ అంటుంది. మే నెలలో ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వే మనిషి ఐదు లీటర్లు అవలీలగా తాగుతాడు. 1.5 ని 5 తో గుణించండి. 7.5. అంటే ‘పర్వాలేదు’ అనే నీళ్ళతోనే గీత దాటేశాడు, తిండి, చాయ్ ఇంకా కలపలేదు. ఫ్యాను కింద కూర్చున్న వాడికి అదే నీళ్ళు ఏమీ చేయకపోవచ్చు. మీ టాపిక్‌లో ఆరోగ్యం, పర్యావరణం అని రెండు మాటలున్నాయి కదా, వాటి మధ్య ఉన్న తాడు ఇదే: ఎండలో ఎవరు పని చేస్తారు, నీడలో ఎవరుంటారు.

ఇప్పుడు పళ్ళు, ఎముకలు. మీరు డాక్టర్ కారు, నేనూ కాను. అందుకని మీ ప్రశ్నావళిలో ‘ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే పళ్ళ, ఎముకల జబ్బు) ఉందా: అవును/కాదు’ అన్న గడి కొట్టేయండి. కీళ్ళ నొప్పులు అని రాసుకొచ్చి వాటిని ఫ్లోరోసిస్ ఖాతాలో వేయడం ఇంకా ఘోరం. యాభై దాటి, ముప్పై ఏళ్ళు నాట్లేసిన ఏ ఆడమనిషికి మోకాళ్ళ నొప్పి లేదో చూపించండి. నడుం వంచి కాలి వేళ్ళు అందుకోగలరా, గదవ ఛాతీకి ఆనుతుందా, చేతులు తల వెనక్కి పోతాయా అని చూసే మూడు చిన్న పరీక్షలున్నాయి. అవి అనుమానం కోసమే. తేల్చాల్సింది ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్, డాక్టరు. పళ్ళ మీది గార ఎంత ముదిరిందో గ్రేడ్లు వేయడానికి డీన్ సూచీ అని ఒకటుంది, దాన్ని నేర్చుకున్న డెంటల్ డాక్టర్‌ని ఒకరిని రెండ్రోజులు బతిమాలి తీసుకెళ్ళండి. ఫోన్‌లో ఫొటోలు తీసుకొచ్చి ఇంట్లో కూర్చుని గ్రేడ్లు వేయకండి, కిళ్ళీ గార కూడా ఫ్లోరైడ్ గారలాగే కనపడుతుంది.

పళ్ళ గురించి ఒక మాట, ఇది మీకు నిజంగా పనికొస్తుంది. శాశ్వత దంతాల మీది ఎనామిల్ తయారయ్యేది చిన్నతనంలోనే. జ్ఞానదంతాలు పక్కనపెడితే దాదాపు ఎనిమిదేళ్ళకి ఆ పని అయిపోతుంది, ముందు పళ్ళకైతే ఇంకా ముందే. అంటే ఇవాళ ఇరవై ఏళ్ళ కుర్రాడి ముందు పళ్ళ మీది గార ఇవాళ్టి నీళ్ళ గురించి చెప్పదు, వాడికి రెండు మూడేళ్ళున్నప్పుడు వాళ్ళమ్మ ఏ బిందెతో నీళ్ళు తెచ్చిందో చెప్తుంది. మిషన్ భగీరథ 2016లో మొదలైంది, ఆ తర్వాత రెండు మూడేళ్ళలో మన ఊళ్ళకి నల్లాలొచ్చాయి. అప్పుడు పుట్టిన పిల్లలకి ఇప్పుడు ముందు పళ్ళు వచ్చేశాయి. ఒకే ఇంట్లో పద్దెనిమిదేళ్ళ అక్క, ఎనిమిదేళ్ళ తమ్ముడు ఉన్న ఇళ్ళు వెతకండి. ఇద్దరి పళ్ళూ పక్కపక్కన చూడండి. అమ్మ ఒకటే, పొయ్యి ఒకటే, మారింది ముఖ్యంగా నీళ్ళు. తిండి కూడా కొంత మారి ఉంటుంది, అది అడిగి రాసుకోండి. ఒక ఊళ్ళో ఇలాంటివి ఇరవై ముప్పై జంటలు దొరికితే మీ మూడొందల ఇళ్ళ సర్వే కన్నా బలమైన పని అవుతుంది. అయితే ఆ ఆవాసానికి నల్లా నీళ్ళు నిజంగా ఏ నెలలో మొదలయ్యాయో వాటర్‌మన్‌ని అడగండి, శిలాఫలకం మీది తేదీ వేరు, నీళ్ళొచ్చిన తేదీ వేరు. తమ్ముడి పళ్ళలోనూ గార కనిపిస్తే అప్పుడు మీకు అసలు కథ మొదలైనట్టు: నల్లా ఉండగా ఆ పసివాడు ఏ నీళ్ళు తాగాడు?

ప్రభుత్వ లెక్కల్లో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇప్పుడు లేనట్టే. ఆ లెక్క అబద్ధమని నేను అనను. అది ఏ ఆవాసానికి ఏ నీళ్ళు సరఫరా అవుతున్నాయో చెప్పే లెక్క. గొంతులోకి ఏది పోయింది, పాతికేళ్ళ కింద ఎముకలోకి చేరింది ఏమైంది అనే లెక్క వేరే ఎవరైనా కట్టాలి, అది మీలాంటి వాళ్ళ పని.

పాత పరిశోధన చదవకుండా ఊళ్ళోకి పోకండి. మన దేశంలో ఈ జబ్బుని మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. నల్గొండ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి కలిసి ఇంకో వింత బయటపెట్టారు: ఇక్కడి కుర్రాళ్ళలో మోకాళ్ళు లోపలికి ఒరుసుకుని కాళ్ళు వంకరపోవడం. అంతకుముందు ఫ్లోరోసిస్ అంటే పెద్ద వయసులో నడుం, మెడ కొయ్యబారిపోవడమే. మరి పిల్లలకి కాళ్ళెందుకు వంకరపోయాయి? వాళ్ళ అనుమానం నాగార్జునసాగర్ మీదికి పోయింది. 1967లో కాలువలకి నీళ్ళు వదిలాక ఊటతో భూమిలో నీటిమట్టం పెరిగింది, నేల గుణం మారింది, ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగింది, జొన్నే తిండిగా బతికేవాళ్ళ ఒంట్లో రాగి తగ్గింది, దానికి ఫ్లోరైడ్ తోడైంది అని వాళ్ళ వాదన. ఇందులో ప్రతి మెట్టూ తేలిపోయిందని నేను అనను గానీ, మనిషి కాలు వంకర గురించి అడిగితే డ్యాం దాకా, జొన్న గటక దాకా పోవాల్సొచ్చింది చూడండి. మీ సిలబస్‌లో గ్రీకు ఆర్కిటెక్ట్ డోక్సియాడిస్ ఉంటాడు, ఆవాసం అంటే ప్రకృతి, మనిషి, సమాజం, గూడు, వాటిని కలిపే దారులు అని ఐదు గడులు గీసినాయన. పరీక్షలో ఆ ఐదూ రాసేయండి. నాకైతే అవి అర్థమైంది నల్గొండ జొన్నతోనే.

ఆ పోషకాహార సంస్థ వాళ్ళే తర్వాత బడి పిల్లలకి రోజూ చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. 2002లో అచ్చయింది. చింతపులుసు తింటే ఫ్లోరోసిస్ తగ్గుతుందని దీన్ని వాట్సాప్‌లో తిప్పుతున్నారు, అంత మాట ఆ పరిశోధన అనలేదు. కాల్షియం తక్కువగా తినేవాళ్ళకి ఈ జబ్బు ముదురుతుందన్నది మాత్రం గట్టి మాట, కాబట్టి ఇంట్లో పాలు ఎవరు తాగుతారు, ఎన్ని డెయిరీకి పోతాయి అని ఒక ప్రశ్న ఉంచండి. బర్రె ఉన్న ఇల్లు అంటే పాలు తాగే ఇల్లని రాసేయకండి.

మీరు ‘నల్గొండ టెక్నిక్’ ఎందుకు ఆగిపోయిందని కూడా అడిగారు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు తయారుచేసిన పద్ధతి అది: నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం వేసి తిప్పితే, తెట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగుతాయి, పైది వడకట్టుకోవాలి. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా మన జిల్లా పేరు తీసుకెళ్ళింది. సైన్సు బాగానే పని చేసింది. కానీ ఆ పటిక రోజూ ఎవరు తూచాలి? నీళ్ళ గుణం మారినప్పుడల్లా మోతాదు మార్చాలి, ఎక్కువైతే నీళ్ళలో అల్యూమినియం మిగులుతుంది, అడుగున చేరిన బురద ఎక్కడ పోయాలో తెలియదు, ఆపరేటర్‌కి మూణ్ణెల్లు జీతం రాకపోతే నాలుగో నెల అతను హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఇప్పటి ఫిల్టర్ ప్లాంట్లకి కూడా ఇదే అడగండి: వదిలేసిన ఉప్పు నీళ్ళు ఏ కుంటలోకి పోతున్నాయి, ఆ కుంట కింద బోర్లున్నాయా? నేను చూసిన ఒక ప్లాంటు వెనక గోడ పక్కనే బోరింగు ఉంది.

ఆ ప్రాంతంలో జనానికి దీని మీద ఎంత కసి ఉందో మీ వయసు వాళ్ళకి తెలియకపోవచ్చు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు, నీళ్ళ కోసం నిరసనగా. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది, పోలింగే వాయిదా పడింది. మీరు ఫారం తీస్తే ‘ఎందరో రాసుకుపోయిన్రు’ అని ఒక నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు కోపం కాదు, తట్టుకోండి.

పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) వైపు కూడా ఒక ఊరు తీసుకుని పోల్చాలనే ఆలోచన ఉంటే, కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు ఊళ్ళలో తాళాలేసిన ఇళ్ళ సంగతి ముందే ఆలోచించుకోండి. కూలీలని గుంపుగా తీసుకెళ్ళే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని మొగుడూ పెళ్ళాం పుణెకో ముంబైకో పోతారు, ఇంట్లో ముసలివాళ్ళు, బడి పిల్లలు ఉంటారు. జనవరిలో సర్వే చేస్తే మీ లెక్కలో ఆ ఊళ్ళో పనిచేసే వయసు మనుషులు తక్కువ, జబ్బులు ఎక్కువ అని వస్తుంది, అది నీళ్ళ వల్ల కాదు, క్యాలెండర్ వల్ల. తాళం వేసిన ఇల్లు వచ్చినప్పుడు పక్కింటికి జరిగిపోకండి, ‘తాళం’ అని రాసి, ఎక్కడికి పోయారో, ఏ నెలలో వస్తారో పక్కవాళ్ళని అడగండి. పీర్ల పండుగకి వస్తారు, తండాలైతే తీజ్‌కి వస్తారు. అప్పుడు ఒకసారి మళ్ళీ పోండి. ఇంకోటి, పదేళ్ళు ముంబైలో నీళ్ళు తాగొచ్చిన మనిషి ఎముకల్ని ఈ ఊరి బోరుతో ముడిపెట్టకూడదు. ఎవరు ఎన్నేళ్ళు ఎక్కడున్నారు అన్నది ముప్పై ప్రశ్నల్లో మొదటి ఐదింట్లో ఉండాలి.

ఎవర్ని పట్టుకోవాలంటే, సర్పంచ్‌ని కలిసి చెప్పి రండి, కానీ ఆయన బండెక్కి వాడల్లో తిరగకండి. ఆయన వెనక కూర్చుని ఎస్సీ వాడలోకి పోతే మీకు అన్నీ బాగున్నాయనే చెప్తారు. ఆశా వర్కర్‌తో పోండి, ఆమెకి ఆ రోజు కూలి నష్టం రాకుండా చూసుకోండి.

మీరు పెన్ను తీయగానే ‘సదరం రాయిస్తవా బిడ్డా’ అని అడుగుతారు. వికలాంగుల సర్టిఫికెట్, దాని మీద పెన్షన్. నేను సర్కారు మనిషిని కాదు, నా వల్ల పెన్షన్ రాదు అని మొదటి మాటలోనే చెప్పండి, రెండో మాటలో మళ్ళీ చెప్పండి. ఇది చెప్పకుండా సేకరించిన జవాబుల్లో నొప్పులన్నీ రెండింతలుంటాయి, దానికి వాళ్ళని తప్పుపట్టలేం. మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ముందే తీసుకోండి, పిల్లల నోళ్ళు చూడాలంటే అమ్మానాన్నల సంతకం ఉండాలి. ఊరి పేరు థీసిస్‌లో రాయాలా వద్దా అనేది కూడా ఊళ్ళోనే అడగండి. ఈ ప్రశ్నకి ఒక తల్లి నాతో అన్నది: ‘మా ఊరి పేరు పేపర్ల పడ్డంక పిల్లకి సంబంధాలు వస్తలేవు సారూ’. ఆ రోజు నుంచి నా నోట్‌బుక్కుల్లో ఊళ్ళకి అంకెలే ఉన్నాయి.

ఫలితాలు వచ్చాక ఏ బోరింగులో ఎంతుందో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంగన్‌వాడీ గోడకి అంటించి రండి, మీ వైవా కన్నా ముందే. నా మొదటి ఊళ్ళో నేను చేయని పని ఇదే.

ఒకవేళ మీ గైడ్ మూడు ఊళ్ళే కావాలని పట్టుబడితే గొడవ పడకండి. ఒక ఊరిని నేను చెప్పినట్టు లోతుగా చేసి, మిగతా రెండింట్లో నీళ్ళ శాంపిళ్ళు, అక్కాతమ్ముళ్ళ పళ్ళు మాత్రమే చూడండి. మూసీ వెంట ఉన్న ఊళ్ళు మాత్రం ఇందులో కలపకండి. అక్కడి కష్టం హైదరాబాద్ మురుగుది, దాని లెక్కలు వేరు, ఇంకో ఐదు నెలలు కావాలి.

మొదటి పది ఇళ్ళ ఫారాలు నింపాక ఇక్కడే పెట్టండి, పేర్లు కొట్టేసి. చూసి చెప్తాను. పొద్దున ఆరు లోపు ఊళ్ళో ఉండండి, ఎనిమిది దాటితే బిందెలన్నీ ఇంట్లోకి పోతాయి, మనుషులు చేలల్లోకి పోతారు. శాంపిళ్ళకి లెక్క చూసుకున్న డబ్బాల కన్నా నాలుగు ఎక్కువ తీసుకెళ్ళండి. మూత గట్టిగా పడే మంచి డబ్బా కనిపిస్తే కందిపప్పు పోసుకోవడానికని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.